చుట్లు తగ్గించిన మోటారు

అన్నయ్య షాపు ఖాళీ చేస్తున్నామని, నాకు కావలసినవి ఏమైనా ఉంటే వచ్చి తీసుకోమని వదిన ఫోను చేసింది. అన్నయ్య పోయాక చర్చివాళ్ళు జరిపిన ఆదరణ కూడికకు వచ్చిన చుట్టాలందరూ వెళ్ళిపోయాక నేను చోడవరం వెళ్ళడం అదే మొదలు. నాకు కావలసినవి ఏమీ లేవు. కాని వదిన ఆ పని ఒక్కతే చేసుకోలేకపోతోందని గొంతును బట్టి తెలిసింది. అందుకని వెళ్ళాను.

షాపు అంటే మోటారు వైండింగు షాపు. ముందు మా నాన్నది, తర్వాత సామేలు అన్నయ్యది. చుట్టుపక్కల చెరుకు తోటల్లో బావుల మీద నడిచే మోటార్లు కాలిపోతే రైతులు బండి మీద వేసుకొచ్చి మా గుమ్మంలో దింపేవారు. లోపల మాడిపోయిన తీగంతా కోసి లాగేసి, కొత్త రాగి తీగ చుట్టి, వార్నీషు పట్టించి, ఆరబెట్టి ఇవ్వడం మా ఇంటి వృత్తి. ఇల్లు షాపుకు వెనకే, మధ్యలో ఒక్క తలుపు. అందుచేత మా ఇంట్లో అన్నం ఉడుకుతున్న వాసన కన్నా వార్నీషు వాసనే ముందు తగిలేది. దుప్పట్లకూ అదే, నా పుస్తకాలకూ అదే, ఆదివారం చర్చికి వేసుకెళ్ళే తెల్ల గౌనుకూ అదే. పక్కన కూర్చున్న పిల్ల ముక్కు ఎగబీల్చితే నాకు తల ఎత్తబుద్ధయ్యేది కాదు. మొన్న షాపులోకి అడుగు పెట్టగానే ఆ వాసన కోసమే వెదుక్కున్నాను. లేదు. దుమ్ము వాసన ఉంది, ఎలుకల వాసన ఉంది. చివరి ఏళ్ళలో అన్నయ్య పని బాగా తగ్గించేశాడు. ఇప్పుడు అందరివీ బోరుబావుల్లోకి దించే మోటార్లు. అవి కాలిపోతే చాలామంది మళ్ళీ చుట్టించుకోవడం లేదు, కొత్తవి తెచ్చుకుంటున్నారు.

వదిన పేరు మార్తమ్మ. మాట గట్టిది, మనసు మెత్తనిది అని అందరూ అంటారు గాని, నాకు తెలిసినంతవరకు ఆవిడకు రెండూ సమానంగా గట్టివే. అటక మీద నుంచి ఒక అట్టపెట్టె దింపించి నా ముందు పెట్టింది. మూత తీస్తే బోటు. మూరెడు పొడవు, పైన తెలుపు, అడుగున ఎరుపు. పక్కనే దాన్ని దూరం నుంచి నడిపే, పొడవాటి ఏరియలున్న చేతి పెట్టె.

"ఇదిగో రూతూ, మీ అన్న ఎగిరే బోటు" అంది వదిన. "నీళ్ళ మీద ముక్కు లేపి, సగం బోటు గాల్లో ఎట్టుకుని పరిగెత్తిందంట. పెళ్ళైన కొత్తలో సెప్పేరు. ఆ తర్వాత ఎవులొస్తే వాళ్ళకి సెప్పేరు. ఆకరికి ఆస్పత్రి మంచం మీద కూడా అదే. ఓసారి నడిపి సూపించండి అంటే మోటారు కాలిపోయింది అనేవోరు. మోటార్లు బాగుచేసే మనిషింట్లో కాలిన మోటారు అలాగే ఉండిపోద్దేటి?"

షారోను నవ్వింది. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు, నా మేనకోడలు. విశాఖపట్నంలో ఎలక్ట్రానిక్సు కంపెనీలో పని. సెలవు పెట్టుకుని వచ్చింది. వదిన మాత్రం నవ్వలేదు.

"ఆ రోజు నువ్వు చెరువు కాడే ఉన్నావంట కదా. నిజం సెప్పు. లెగిసిందా?"

అవునని ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేకపోయాను. ఎందుకంటే నాకు తెలియదు.

ఆ బోటు మా చిన్నమామయ్య తెచ్చాడు. ఆయన సరుకుల ఓడ మీద వంటవాడు. ఏ దేశం వెళ్ళినా మా అమ్మకు గాజు గిన్నెలు తెచ్చేవాడు. ఆ సారి మాత్రం జపాను నుంచి ఈ బోటు తెచ్చి అన్నయ్య చేతిలో పెట్టాడు. అన్నయ్య అప్పటికి పదో తరగతి తప్పి షాపులో కూర్చున్నాడు. నాన్న ఏమీ అనలేదు. అనకపోవడం అన్నయ్యకు ఇంకా కష్టంగా ఉండేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాలిన తీగ కొయ్యడం, ఇనుప గాడులు గీకి శుభ్రం చెయ్యడం, ఇవే అతని పనులు. చుట్టే పని నాన్నది. నాన్న చుట్టుడు ఎంత నేర్పుగా ఉండేదంటే, తీగ పక్కన తీగ పడి, చుట్ట చివర తెల్ల నూలు దారంతో ముడులు వేసి కట్టాక, అది చేత్తో చేసినదంటే ఎవరూ నమ్మేవారు కాదు. మోటారు గురించి నాన్నకు ఒకే ఒక్క అభిప్రాయం ఉండేది. "రైతు పొలంలో ఎట్టేసి మర్సిపోవాలి. మర్సిపోలేకపోతే అది మోటారు కాదు" అనేవాడు. పని పూర్తయిన మోటారును ఒక పూటంతా నడిపి, పైన అరచెయ్యి ఆనించి చూసేవాడు. చెయ్యి అక్కడే ఉంచగలిగితే సంతోషం. చురుక్కుమంటే మళ్ళీ విప్పేవాడు.

బోటు మొదట్లో చాలా నెమ్మది. అది చూడడానికి బాగుండే బొమ్మ. పైన చిన్న గది, గదికి కిటికీలు, చుట్టూ కమ్మీలు, వెనక జెండా కర్ర. నీళ్ళలో పెడితే ఎవరికీ తొందర లేనట్టు వెళ్ళేది. నేనైతే దాన్ని అలాగే చూస్తూ కూర్చునేదాన్ని. అన్నయ్యకు అది చాలలేదు. ఇంకా వేగంగా ఎందుకు వెళ్ళదు అన్న ప్రశ్న అతన్ని పట్టుకుంది. స్కూల్లో ఏ ప్రశ్నా అతన్ని అలా పట్టుకోలేదు.

మొదట బరువు తగ్గించాడు. గది పీకేశాడు, కమ్మీలు పీకేశాడు, జెండా కర్ర విరిచేశాడు. అమ్మ చూసి గుండె బాదుకుంది. "వీళ్ళ మావయ్య అంత దూరం నుంచి భద్రంగా తెస్తే, ఈ గుంటడు దానికి బోడిగుండు సేసేసేడు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. తర్వాత చిన్న సెల్సు మాటిమాటికీ అయిపోతున్నాయని, పాత మోపెడ్డు బ్యాటరీ ఒకటి సంపాదించి లోపల కూర్చోబెట్టాడు. తగ్గిన బరువు కన్నా పెరిగిన బరువు ఎక్కువైంది. అయినా దమ్ము పెరిగింది అన్నాడు.

ఇక్కడ మా ఇంటి నియమం ఒకటి చెప్పాలి. ఆదివారం షాపు తెరవకూడదు. తలుపు తియ్యకపోవడమే కాదు, పనిముట్టు ముట్టుకోకూడదు. పంట ఎండిపోతోందని ఎవరైనా వచ్చి గుమ్మంలో నిలబడినా నాన్న సోమవారం తెల్లవారగానే మొదలుపెడతానని చెప్పి మజ్జిగ ఇచ్చి పంపేవాడు. మిగతా రోజుల్లో షాపు పనితో అన్నయ్యకు తీరిక ఉండదు. కాబట్టి బోటును చెరువుకు తీసుకెళ్ళేది ఆదివారమే, చర్చి అయ్యాక, తెల్ల బట్టల్లోనే. నడపడం ఆట, అందుకు అడ్డు లేదు. కాని అక్కడ ఒక తీగ ఊడిపోతే అతికించడం పని.

"బొమ్మ మోటారే కద నాన్నా" అని అన్నయ్య ఒకసారి బతిమాలాడు.

"బొమ్మదైనా మోటారే. మోటారు మన పనే. ఆదివారం మన పని మనం సెయ్యం" అన్నాడు నాన్న.

దాంతో ఆదివారం తేలిన లోపం ఆదివారమంతా అలాగే ఉండిపోయేది. అన్నయ్య ఇంటికొచ్చి బోటును మంచం మీద పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. చెయ్యడానికి వీల్లేదు, చూడడం ఒక్కటే. స్కూలు మానేసిన మనిషికి ఆలోచించడం ఎవరు నేర్పారు అని నేను తర్వాత చాలాసార్లు అనుకున్నాను. ఆ ఆదివారం మధ్యాహ్నాలే నేర్పి ఉంటాయి.

బరువు అయ్యాక మోటారు మీద పడ్డాడు. అక్కడ చేసిన పొరపాటు మా ఇంట్లో పుట్టినవాడు తప్ప ఇంకొకరు చెయ్యరు. మా దగ్గరికి వచ్చే రైతులు వేసే మొదటి ప్రశ్న, "రాగి ఎంత ఏసేవు?" అని. మోటారు బలమంటే లోపలి రాగి. నాన్న కాలిన రాగిని తూచి, కొత్తది అంతకన్నా కొంచెం ఎక్కువే వేసేవాడు. ఆయన మంచి పేరు అలా వచ్చింది. ఆ లెక్కనే నమ్మి అన్నయ్య బోటు మోటారు రేకు మడతలు విప్పి, మధ్యలో తిరిగే మూడు కొమ్ముల ఆర్మేచరు బయటికి తీసి, జపాను వాళ్ళు చుట్టిన తీగ అంతా లాగేసి, పట్టినంత కొత్త తీగ కుక్కాడు. వారం రోజుల సాయంకాలాలు దాని మీదే. ఆదివారం నీళ్ళలో పెట్టాం. బోటు ముందుకన్నా నెమ్మదిగా కదిలింది. నేను ఒడ్డున దాని పక్కనే నడిచి, దాన్ని దాటిపోయాను.

నాన్న ఆ రోజు మాతో వచ్చాడు. ఒడ్డుకు చేరిన బోటు మీద వంగి, మోటారు మీద చెయ్యి వేసి చూశాడు. ముఖం వెలిగింది.

"సల్లగుంది. బాగా సుట్టేవురా. ఇంక జన్మలో కాలదు."

"కాలకపోతే ఏటి లాభం నాన్నా? కదల్దు కదా."

"కదిలింది కదరా. ఇక్కడి దాకా వచ్చింది కాదేటి."

వేళాకోళం కాదు, నాన్న నిజంగానే మెచ్చుకున్నాడు. అది విని అన్నయ్యకు ఏడుపొక్కటే తక్కువ. ఆ మధ్యాహ్నం, ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం మంచం మీద బోటు ముందు కూర్చుని, చివరికి నన్ను పిలిచాడు. "ఒసే రూతూ, ఎక్కువ సుడితే నెమ్మదయ్యింది. అయితే తక్కువ సుడితే?" అన్నాడు. ఇప్పుడు ఏ పిల్లవాణ్ణి అడిగినా ఫోనులో చూసి చెబుతాడు. చుట్లు ఎక్కువైతే మోటారుకు పట్టు ఎక్కువ, పరుగు తక్కువ. చుట్లు తగ్గించి తీగ మందం పెంచితే కరెంటు ఎక్కువ లాగుతుంది, పరుగెత్తుతుంది, వేడెక్కుతుంది. అన్నయ్య అది ఎక్కడా చదవలేదు. నాన్నకు తెలిసే ఉండాలి గాని, వేడెక్కే మోటారు గురించి మాట్లాడడం ఆయనకు ఇష్టం లేదు.

చుట్టేటప్పుడు లెక్క పెట్టేది నేను. మా షాపులో అదీ ఒక పద్ధతి. చుట్టేవాడు మాట్లాడకూడదు, లెక్క ఇంకొకరు పైకి చెప్పాలి. నాన్న చుడితే అమ్మ చెప్పేది. అన్నయ్య మొదటి కొమ్ము చుడుతున్నాడు, నేను చెబుతూ పోతున్నాను. మధ్యలో ఆపేశాడు. ఇంకా బోలెడు ఖాళీ ఉంది కదా అన్నాను. చాలు అన్నాడు. ఆ అంకె నాకు ఇప్పటికీ గుర్తుంది. అంత తక్కువ దగ్గర ఆగడం మా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు.

నాన్న ఆ ఆర్మేచరును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఇది కాల్తాది" అన్నాడు.

"కాల్తే కాలనీ. ముందు పరిగెత్తితే సాలు."

"మన సేతి మోటారు కాలకూడదురా సామేలూ."

"ఇది పొలానికి కాదు నాన్నా" అన్నాడు అన్నయ్య. తండ్రికి అతను ఎదురు చెప్పడం నేను వినడం అదే మొదటిసారి.

ఆ ఆదివారం మాడుగుల రోడ్డు పక్క చెరువు దగ్గర నాన్న, అన్నయ్య, నేను. బోటు వచ్చి రాళ్ళకు గుద్దుకోకుండా పట్టుకోవడానికి అన్నయ్య నన్ను ఎదుటి ఒడ్డుకు పంపాడు. ఎండ నా ముఖం మీద పడుతోంది. అన్నయ్య ఇటు తిరిగి చెయ్యి ఎత్తాడు. కందిరీగ లాంటి చప్పుడు వచ్చింది. తెల్లటి నీళ్ళు లేచాయి. ఏదో నా మీదికి చాలా వేగంగా వచ్చింది. తర్వాత చప్పుడు ఆగిపోయింది, మధ్యలో బోటు నిలిచిపోయింది, సన్నగా పొగ. నాకు ఎరుపు గుర్తుంది. ముక్కు లేస్తేనే ఎదుటివాళ్ళకు అడుగున ఉన్న ఎరుపు కనిపిస్తుంది. కాని ఆ ఎరుపు నేను ఆ రోజు చూసిందో, అన్నయ్య చెప్పగా చెప్పగా నా కళ్ళలోకి వచ్చిందో చెప్పలేను. అవతలి ఒడ్డున అన్నయ్య గంతులు వేస్తున్నాడు. నాన్న ఆదివారం పంచెతోనే మొలలోతు నీళ్ళలోకి దిగి బోటు పట్టుకొచ్చాడు. మోటారు ముట్టుకుని వేలు కాల్చుకున్నాడు. తిట్టలేదు. తుండుగుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చాడు. లేచిందా అని నేను నాన్నను అడగలేదు. అడిగి ఉంటే ఆయన ఒక్క మాటలో చెప్పేవాడు. ఆయనకు లేనిది చెప్పడం రాదు.

ఇదంతా వదినకు ఇలాగే చెప్పాను. ఆవిడ విని, "అంటే నీకూ తెలీదు" అంది.

షారోనుకు ఉత్సాహం వచ్చింది. కావలసినవి ఫోనులోనే తెప్పించింది. పాత చేతి పెట్టె లోపల సెల్సు కారి తుప్పు పట్టిపోయింది కాబట్టి దాని బదులు కొత్తది, కొత్త బ్యాటరీ, బొటనవేలంత కొత్త మోటారు. ఆ మోటారుకు లోపల ఆనుకుని కరెంటు అందించే బొగ్గులు ఉండవు, రాసుకునేది ఏమీ ఉండదు. పాతదానికి ఎన్నో రెట్లు వేగంగా తిరుగుతుంది, చేత్తో పట్టుకుంటే చల్లగానే ఉంటుంది. దాన్ని చాలాసేపు పరిశీలించాను. నాన్న కోరుకున్నది, అన్నయ్య కోరుకున్నది రెండూ ఒక్క దాంట్లోనే ఉన్నాయి. అప్పట్లో ఇది దొరికి ఉంటే వాళ్ళిద్దరికీ వాదించుకోవడానికి ఏమీ ఉండేది కాదు. నాకు వాళ్ళిద్దరి గురించీ ఇంత తెలిసేదీ కాదు.

"ఇది పెడితే గ్యారంటీగా లేస్తాదమ్మా. వీడియో తీసి ఫ్రేము కట్టించుకో" అంది షారోను.

"దాన్ని లేపి నాకేటే? లెగిస్తే అది కొత్త మోటారు గొప్ప. మీ నాన్న సెప్పింది నిజమో అబద్ధమో అందులో ఏటి తెలుస్తాది?"

వదిన అన్నది సరైన మాట. షారోను ఒప్పుకుంది. కొత్త మోటారు పక్కన పెట్టి, పాత మోటారుకే కరెంటు ఇచ్చి చూద్దాం, కాలిపోయింది కాబట్టి తిరగదు, తర్వాత సంగతి ఆలోచిద్దాం అనుకున్నాం. తీగలు తగిలించగానే అది తిరిగింది. ముగ్గురం ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళం చూసుకున్నాం. పెరట్లో సిమెంటు తొట్టి నిండా నీళ్ళు పట్టి బోటు దించాం. ఒక గోడ దగ్గర బయల్దేరి రెండో గోడ దాకా నిదానంగా, నిబ్బరంగా వెళ్ళింది.

"సూసేవా" అంది వదిన. "కాలిపోయిందన్నది అబద్ధం. ఒకటి దొరికింది. ఇంక ఎగరడం కూడా ఇంతే." గెలిచినట్టు అనలేదు. తొట్టి గోడ మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయింది.

మోటారు విప్పింది నేనే. చిన్నప్పుడు సెలవుల్లో కాలిన మోటార్ల తీగ లాగే పని నాకూ ఉండేది. ఇన్నేళ్ళు కాలేజీలో అర్థశాస్త్రం చెప్పినా చేతులు ఆ పని మరిచిపోలేదు. రేకు మడతలు లేపి ఆర్మేచరు బయటికి తీశాను. తీగ పక్కన తీగ, ఎక్కడా ఒకదాని మీద ఒకటి ఎక్కలేదు. వార్నీషు రెండు పూతలు. ప్రతి కొమ్ము చివర తెల్ల నూలు దారంతో ముడులు. బొమ్మ మోటారుకు ఆ ముడులు అక్కర్లేదు. అలాంటి చోట కూడా ముడి వేసే మనిషి నాకు తెలిసి ఒక్కడే. కాలిన మోటారును నాన్న ఎప్పుడో తన పద్ధతిలో, నిండుగా, ఎప్పటికీ కాలకుండా చుట్టి పెట్టేశాడు.

అన్నయ్యకు ఇది తెలియకుండా ఉండదు. దీన్ని కోసేసి మళ్ళీ తన లెక్కన చుట్టడానికి ఒక్క సాయంత్రం చాలు. బతికినన్నాళ్ళూ భార్య దగ్గర గొప్పలు చెప్పేవాడు అనిపించుకున్నాడు గాని ఆ పని చెయ్యలేదు. నాన్న చుట్టినది కొయ్యడానికి చెయ్యి రాలేదని నేను అనుకుంటున్నాను. బద్ధకం కూడా కావచ్చు. రోజంతా మోటార్లు చుట్టినవాడికి సాయంత్రం ఇంకొకటి చుట్టాలని ఉండదు.

ఇప్పుడు ఆ పని నా ముందుకు వచ్చింది. అలాంటి పాత మోటారు ఇంకొకటి దొరుకుతుందేమో అని షారోను వెదికింది. దొరికినవేవీ బోటులోని గాడిలో కూర్చోవు. అన్నయ్య మాట నిజమో కాదో తేలాలంటే ఈ ఆర్మేచరునే అతని లెక్కన చుట్టాలి. అంటే నాన్న చుట్టినది కొయ్యాలి. ఆయన చుట్టిన వందల మోటార్లు పాత ఇనుప సామాన్లలో కలిసిపోయాయి. ఆయన చేతి పని అంటూ మిగిలింది బహుశా ఇదే.

"వొద్దు" అంది వదిన. "ఎల్లిపోయిన మనిసి మాట కోసం, అంతకన్నా ముందెల్లిపోయిన మనిసి పని కొయ్యడమేటి. మూసీ."

మూసేశాను. మర్నాడు పొద్దున్న నేను కాఫీ తాగుతుంటే వదిన వచ్చి ఎదురుగా కూర్చుంది. మోటారు చేతిలో ఉంది.

"ఆస్పత్రిలో కూడా ఈ బోటు మాట సెప్పేరని అన్నాను కదా. అప్పుడు ఆయన, 'నిజమేనే మార్తా' అన్నారు. నేను 'సర్లెండి, పడుకోండి' అన్నాను." మోటారును నా ముందు పెట్టింది. "నమ్మేననలేదు. అంటే పోయేది. అనలేదు. రూతూ, కొయ్యి."

కోశాను. ముందు దారం ముడులు, తర్వాత తీగ. వార్నీషు వేడి చేస్తే గాని వదల్లేదు. వేడి తగలగానే ఆ పాత వాసన గదంతా నిండింది. షాపులో మిగిలిన తీగ చుట్టల్లో మందపుది వెదికి పట్టుకున్నాను. నేను చుడుతుంటే వదిన పైకి లెక్క చెప్పింది. మా షాపు పద్ధతి ఆవిడకూ అలవాటే. ఆపాల్సిన అంకె దగ్గర ఆపాను. ఇంకా ఖాళీ ఉంది కదా అంది వదిన.

చిన్నప్పటి చెరువు గుర్రపుడెక్కతో నిండిపోయి నీళ్ళు కనబడడం లేదు. అందుకని ఆటో మాట్లాడుకుని దేవరాపల్లి మీదుగా రైవాడ జలాశయానికి వెళ్ళాం. బయల్దేరే ముందు వదిన ఒక అభ్యంతరం చెప్పింది. కొత్త బ్యాటరీ పాతదానికన్నా చాలా తేలిక, అది మోసం. షారోను పాతదాని వోల్టేజీకి దగ్గరగా ఉన్న బ్యాటరీనే పెట్టానంది. బరువు మాటేటి అంది వదిన. చివరికి షాపులోంచి ఇనుప నట్లు సంచిలో పోసి, పాత బ్యాటరీకి సరితూచి, బోటులో పెట్టింది ఆవిడే. ఫోనులో వీడియో తియ్యొద్దని కూడా చెప్పింది. "నేను సూస్తాను. అది సాలు."

షారోను చేతిలో పెట్టెతో నీళ్ళ అంచున నిలబడింది. నేను ఎదురుగా కాకుండా ఈసారి పక్కగా నిలబడ్డాను. వదిన రాళ్ళ గట్టు మీద, కొంచెం ఎత్తులో ఉంది. బోటు బయల్దేరింది. మొదట తోక మునిగింది, ముక్కుతో నీళ్ళను తోసుకుంటూ భారంగా వెళ్ళింది. నట్లు ఎక్కువయ్యాయేమో అనుకున్నాను. షారోను చేతిలోని మీటను చివరి దాకా నొక్కింది. చప్పుడు మారింది, సన్నబడింది. బోటు ముక్కు పైకి వచ్చింది, ఇంకా వచ్చింది. ముందు సగం నీళ్ళను పూర్తిగా వదిలేసింది. దాని కిందుగా అవతలి నీళ్ళు కనబడ్డాయి. వెనక తోక మీద నిలబడి అది పరిగెత్తింది. అలా ఎంతో దూరం వెళ్ళలేదు. చప్పుడు బరువెక్కింది, ముక్కు దిగిపోయింది, పొగ వచ్చింది, ఆగిపోయింది.

"లేచిందమ్మా!" అని షారోను కేక పెట్టింది. "సూసేవా? సగం గాల్లోనే!"

వదిన గట్టు మీద కూర్చుంది. నేను ఎక్కి వెళ్ళి పక్కన కూర్చున్నాను. నాన్న చుట్టుడు పోయింది, అన్నయ్య లెక్కన చుట్టినదీ పోయింది. మోటారు ఈసారి నిజంగానే కాలిపోయింది. బోటు లోపలికి వెళ్ళిపోయింది, దిగి తెచ్చే లోతు కాదు. గాలి మా వైపే వీస్తోంది కాబట్టి అదే కొట్టుకువస్తుందని, కొంచెంసేపు ఆగుదామని షారోను కిందినుంచి చెప్పింది.

వదిన నా వైపు తిరిగింది. ఆవిడ ముఖంలో ఏడుపు లేదు, ఏదో లెక్క తప్పినట్టు ఒక కంగారు ఉంది.

"అయితే రూతూ, మిగతావి కూడా నిజమేనేటి?"

"ఏవి వదినా?"

"సాలా సెప్పేవోరు కదా. పెళ్ళి కుదరక ముందు, చర్చిలో నన్ను సూడ్డానికి చోడవరం నుంచి అనకాపల్లి దాకా నడిచొచ్చేనని సెప్పేవోరు. బస్సులుండగా నడవడమేటని నేను నవ్వేదాన్ని. నడిచేరంటావా?"

నాకు తెలియదు. నడిచి ఉండవచ్చు, లేకపోవచ్చు. అదే చెప్పాను. వదిన తల ఊపి, తాను నమ్మనిది ఇంకొకటి చెప్పింది. ఆ తర్వాత మరొకటి. ప్రతిదాని చివరా ఆగి నా ముఖం చూసింది. గాలికి బోటు మెల్లగా కొట్టుకొచ్చి ఒడ్డు రాళ్ళకు తగిలేసరికి, ఆవిడ చెప్పుకొస్తున్న కబుర్లు ఇంకా పెళ్ళైన మొదటి ఏడాది దాటలేదు.